ఊరు ఔనంది... దేశం కాదంది

వైద్య గంజాయి దుకాణాలకు తలుపు తీసి, ఫెడరల్ ప్రభుత్వంతో కోర్టుకెక్కిన కాలిఫోర్నియా నగరం ఓక్లాండ్ కథ

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బే బ్రిడ్జి దాటి తూర్పు ఒడ్డున దిగితే ఓక్లాండ్. రేవులో ఆకాశాన్నంటే తెల్లటి క్రేన్లు, కొండవాలున కలవారి ఇళ్లు, పల్లపు నేలలో కష్టజీవుల పేటలు. 2020 లెక్కల ప్రకారం జనాభా 4,40,646. నల్లజాతి హక్కుల కోసం బ్లాక్ పాంథర్ పార్టీ 1966లో పుట్టింది ఈ ఊళ్లోనే. కమలా హారిస్ జన్మస్థలమూ ఇదే. పైవాళ్లు చెప్పిందల్లా తలవంచి వినే అలవాటు ఈ ఊరికి మొదటి నుంచీ లేదు.

నగరం నడిబొడ్డున, 14వ వీధి పక్కన, 1914లో కట్టిన సిటీ హాల్ ఉంది. అందులో కౌన్సిల్ కూర్చుని దాదాపు ముప్పై ఏళ్లుగా ఒకే వ్యవహారాన్ని మళ్లీ మళ్లీ తేలుస్తోంది. రోగులకు గంజాయి అమ్మే దుకాణాన్ని ఊళ్లో ఉండనివ్వాలా? ఉండనిస్తే ఎన్ని? ఏ వీధిలో? బడికి ఎంత దూరంలో? పన్ను ఎంత? లైసెన్సు ఎవరికి? కాలిఫోర్నియాలోని ప్రతి నగరమూ, ప్రతి కౌంటీ ఈ ప్రశ్నలను ఎదుర్కొన్నాయి. కొన్ని తలుపులు మూశాయి, కొన్ని తేల్చకుండా నాన్చాయి. ఓక్లాండ్ మాత్రం ముందే ఔనని, ఆ మాట కోసం చివరిదాకా నిలబడింది. తప్పటడుగులూ వేసింది. ఆ రెండూ తెలుసుకోదగ్గవే.

గంజాయి అనగానే మన తెలుగు పాఠకులకు పాడేరు ఏజెన్సీ, చెక్‌పోస్టు, పోలీసు కేసు గుర్తొస్తాయి. అది సహజమే. ఓక్లాండ్‌లో కథ మొదలైంది మాత్రం ఆసుపత్రి మంచాల దగ్గర.

చట్టం వచ్చింది, దుకాణం రాలేదు

1980లు, 90ల్లో ఎయిడ్స్ శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాన్ని కుదిపేసింది. మందులు అంతంతమాత్రం. రోగులకు ఆకలి చచ్చిపోయేది, తిన్నది కడుపులో నిలిచేది కాదు, చూస్తుండగానే మనిషి ఎముకల గూడయ్యేవాడు. గంజాయి తీసుకుంటే నాలుగు ముద్దలు దిగుతున్నాయని రోగులే కనుక్కున్నారు. కీమోథెరపీతో వాంతులవుతున్న కేన్సర్ రోగులదీ అదే అనుభవం. గంజాయిలోని ప్రధాన రసాయనం టీహెచ్‌సీని కృత్రిమంగా తయారుచేసిన మాత్రకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1985లోనే అనుమతి ఇచ్చింది. వాంతితో విలవిల్లాడేవాడు మాత్ర మింగి కడుపులో నిలుపుకోవడం ఎలా అన్నది రోగుల ప్రశ్న. తర్వాత కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వైద్యుడు డోనాల్డ్ అబ్రామ్స్ బృందం ఎయిడ్స్ రోగుల నరాల నొప్పి మీద పరీక్షలు జరిపి, గంజాయి పొగతో నొప్పి తగ్గుతోందని 2007లో ప్రచురించింది. గంజాయి సర్వరోగ నివారిణి కాదు. చిన్న వయసు నుంచీ వాడితే చెరుపు చేస్తుంది, అలవాటూ అవుతుంది. కానీ కొన్ని బాధల్లో కొందరికి ఊరటనిస్తుందన్నది కాదనలేని నిజం.

1996 నవంబరు 5న కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపొజిషన్ 215ను 55.6 శాతం ఓట్లతో గెలిపించారు. దాని వెనుక ప్రధానంగా నిలిచినవాడు శాన్‌ఫ్రాన్సిస్కో ఉద్యమకారుడు డెన్నిస్ పెరోన్. వైద్యుడు సిఫార్సు చేస్తే రోగి గంజాయి దగ్గర ఉంచుకోవచ్చు, పెంచుకోవచ్చు. అమెరికాలో ఇలాంటి తొలి రాష్ట్ర చట్టం ఇదే.

అయితే చట్టంలో పెద్ద ఖాళీ మిగిలిపోయింది. రోగి దాన్ని ఎక్కడ కొనుక్కోవాలో అందులో లేదు. కీమో చేయించుకుని మంచం దిగలేనివాడు పెరట్లో మొక్క నాటి, నెలల తరబడి పెంచి కోసుకుంటాడా? దుకాణం ఉండొచ్చా అంటే చట్టం ఔననలేదు, కాదననూ లేదు. పైగా 1970 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం గంజాయి హెరాయిన్‌తో పాటు మొదటి జాబితాలో ఉండేది, అంటే వైద్యానికి పనికిరాని, అతి ప్రమాదకరమైన పదార్థమని ముద్ర. రాష్ట్రం వాడుకోమంది, దేశం ముట్టుకోవద్దంది. ఈ రెండింటి మధ్య నలిగిపోయే రోగి ఉండేది ఏదో ఒక ఊళ్లోనే కదా. అలా బరువంతా ఊరి కౌన్సిల్ మీద పడింది.

రోగులకు మందిచ్చేవాళ్లే నగర అధికారులు

ఓక్లాండ్ బ్రాడ్‌వే వీధిలో జెఫ్ జోన్స్ అనే యువకుడు ‘ఓక్లాండ్ కానబిస్ బయ్యర్స్ కోఆపరేటివ్’ నడిపేవాడు. వైద్యుడి సిఫార్సును ఫోన్ చేసి సరిచూసుకున్నాకే సభ్యత్వం, గుర్తింపు కార్డు. 1998 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వం ఉత్తర కాలిఫోర్నియాలోని ఇలాంటి ఆరు సంస్థల మీద దావా వేసింది. అందులో ఓక్లాండ్‌ది ఒకటి.

అప్పుడు కౌన్సిల్ చేసిన పని అమెరికా పురపాలనలోనే అరుదైనది. మాదకద్రవ్యాల చట్టాన్ని అమలు చేసే స్థానిక అధికారులపై కేసు పెట్టరాదని ఫెడరల్ చట్టంలోనే ఒక సెక్షన్ ఉంది. మారువేషంలో సరుకు కొనే పోలీసులను కాపాడటానికి పెట్టిన ఏర్పాటు అది. దాన్ని ఆసరా చేసుకుని, 1998 ఆగస్టులో ఓక్లాండ్ నగరం ఆ కోఆపరేటివ్ సిబ్బందిని తన తరఫున పనిచేసే అధికారులుగా ప్రకటించింది. ప్రొపొజిషన్ 215ను అమలు చేస్తున్నది వీళ్లే, కాబట్టి రక్షణ వీళ్లకూ వర్తిస్తుందన్నది నగరం వాదన.

ఫెడరల్ జడ్జి చార్లెస్ బ్రేయర్ ఆ వాదనను ఒప్పుకోలేదు. అక్టోబరులో సంస్థకు తాళం పడింది. కౌన్సిల్ వెంటనే నగరంలో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. వరదకో భూకంపానికో వాడే అధికారాన్ని రోగుల మందు ఆగిపోయినందుకు వాడిన ఊరది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2001 మే 14న 8-0తో తీర్పు వచ్చింది. వైద్య అవసరం అన్న కారణం ఫెడరల్ చట్టం ముందు చెల్లదని జస్టిస్ క్లారెన్స్ థామస్ రాశారు. తొమ్మిదో న్యాయమూర్తి స్టీఫెన్ బ్రేయర్ విచారణకు దూరంగా ఉన్నారు, కింది కోర్టు జడ్జి ఆయన సోదరుడే కావడం వల్ల.

ఇదే ఊరికి చెందిన రోగి ఏంజెల్ రైచ్ వేసిన మరో కేసూ సుప్రీంకోర్టులో 2005 జూన్ 6న 6-3తో ఓడిపోయింది. సొంత వాడకానికి ఇంట్లో పెంచుకున్నా సరే, ఫెడరల్ ప్రభుత్వం నేరంగా చూడవచ్చని తేలింది. నాలుగేళ్లలో రెండు ఓటములు. అయినా ఊరు వెనక్కు తగ్గలేదు.

నాలుగంటే నాలుగే

2003లో రాష్ట్ర శాసనసభ మరో చట్టం చేసింది. రోగులకు గుర్తింపు కార్డులు, కలిసి పెంచుకునే సమష్టి సంఘాలకు కొంత రక్షణ వచ్చాయి. అప్పటికే ఓక్లాండ్ నడిబొడ్డున పదికి పైగా దుకాణాలు వెలిశాయి. ఆమ్‌స్టర్‌డామ్ పేరుతో కలిపి ఆ పేటను ‘ఓక్‌స్టర్‌డామ్’ అని పిలవసాగారు. రోగులు సంతోషించినా, ఇరుగుపొరుగు వ్యాపారులూ తల్లిదండ్రులూ గొణగడం మొదలుపెట్టారు. బాగున్నవాళ్లు కూడా వచ్చి కొంటున్నారని ఫిర్యాదులు.

2004లో కౌన్సిల్ నిబంధనలు తెచ్చింది. ఊరు మొత్తానికి నాలుగు లైసెన్సులు మాత్రమే. లైసెన్సుకు ముందు బహిరంగ విచారణ. బడులకు, పిల్లలు తిరిగే చోట్లకు దూరం. కాపలా, వీధి దీపాలు, లెక్కల పుస్తకాలు. ఆవరణలో పొగ తాగరాదు. మిగతా దుకాణాలు మూసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఓటర్లు మెజర్ జెడ్‌ను 65 శాతంతో ఆమోదించారు. పెద్దలు ఇంట్లో గంజాయి వాడుకుంటే దాన్ని నగర పోలీసులు అన్నిటికన్నా చివరి ప్రాధాన్యంగా చూడాలన్నది దాని సారాంశం. ఆ రోజుల్లో ఓక్లాండ్ మేయర్ జెర్రీ బ్రౌన్. ఆయనే రాష్ట్ర అటార్నీ జనరల్‌గా 2008లో ‘డిస్పెన్సరీలు’ అనే ఈ దుకాణాలకు మార్గదర్శకాలు జారీ చేశారు. ఆయనే గవర్నర్‌గా 2015లో వైద్య గంజాయికి తొలి సమగ్ర లైసెన్సు చట్టంపై సంతకం పెట్టారు. సిటీ హాల్లో మొదలైన ఆలోచన రాజధాని శాక్రమెంటోకు చేరడానికి పదకొండేళ్లు పట్టింది.

ఆ నాలుగు లైసెన్సుల్లో ఒకటి 2006 అక్టోబరులో తెరిచిన హార్బర్‌సైడ్‌ది. పడవల రేవుకు ఎదురుగా, ఎంబర్కడేరో రోడ్డు మీద, కార్లు నిలపడానికి విశాలమైన స్థలంతో ఉన్న దుకాణం అది. స్థాపకుడు స్టీవ్ డీఏంజెలో. కొత్తగా వచ్చిన రోగి గుర్తింపు పత్రం, వైద్యుడి లేఖ చూపాల్సి ఉండేది. ఆ వైద్యుడు నిజంగా రాశాడా అని సిబ్బంది సరిచూసేవారు. లోపల బ్యాంకు కౌంటర్ల మాదిరి పొడవాటి బల్లలు, గాజు కింద ఎండిన పూమొగ్గలు, పొగ పీల్చలేనివారికి చుక్కల మందులు, పూత మందులు, తినుబండారాలు. ప్రతి రకానికీ అందులో టీహెచ్‌సీ ఎంతో, బూజు ఉందో లేదో పరీక్షించిన ఫలితం. ఆ పరీక్షలు చేసే స్టీప్ హిల్ అనే ప్రయోగశాల కూడా ఓక్లాండ్‌లోనే మొదలైంది. ఏ చట్టమూ పరీక్ష తప్పనిసరి చేయని కాలంలో ఈ పని జరిగిందంటే, ఎయిడ్స్‌తో రోగనిరోధక శక్తి పోయినవాడికి బూజు పట్టిన సరుకు ప్రాణం మీదికి తెస్తుందన్న ఎరుక ఉండబట్టే. బీద రోగులకు ఉచితంగా ఇచ్చే ఏర్పాటూ ఉండేది. ‘వీధి మూల బేరం’ అన్న మాటకూ ఈ దుకాణానికీ ఎంత దూరమో లోపలికి వెళ్లినవారికి తెలిసేది.

పన్ను వేయమని అడిగిన వ్యాపారులు

2008 ఆర్థిక సంక్షోభం ఓక్లాండ్ ఖజానాను ఊడ్చేసింది. ఆ సమయంలో డిస్పెన్సరీల వాళ్లే ముందుకొచ్చి తమ మీద పన్ను వేయమన్నారు. 2009 జులైలో జరిగిన ఓటింగులో మెజర్ ఎఫ్ 80 శాతంతో నెగ్గింది. ప్రతి వెయ్యి డాలర్ల అమ్మకానికి 18 డాలర్లు. గంజాయి వ్యాపారానికి ప్రత్యేక పన్ను వేసిన తొలి అమెరికా నగరం ఇదే. మరుసటి ఏడాది దాన్ని 50 డాలర్లకు పెంచారు.

వ్యాపారులు పన్ను అడగడం వెనుక లెక్క ఉంది. పన్ను కట్టేవాడికి ఊళ్లో నోరు ఉంటుంది. ఊరికి ఆదాయమిచ్చే దుకాణాన్ని మూయించాలంటే ఊరంతా అడ్డుపడుతుంది. ఆ లెక్క తర్వాత నిజమైంది కూడా. అయితే బ్యాంకులు ఫెడరల్ చట్టానికి భయపడి ఖాతాలివ్వకపోవడంతో, పన్ను సొమ్మును నగదు సంచుల్లో సిటీ హాల్‌కు మోసుకెళ్లాల్సి వచ్చేది.

ఆదాయం రుచి తెలిశాక కౌన్సిల్ ఆశ హద్దు దాటింది. 2010 జులైలో పారిశ్రామిక స్థాయి గంజాయి తోటలు నాలుగింటికి అనుమతివ్వాలని నిర్ణయించింది. చిన్న పెంపకందారులు తమ పొట్ట కొడుతున్నారని మొత్తుకున్నారు. నగర న్యాయవాది జాన్ రూసో ఇది రాష్ట్ర చట్టానికి కూడా నిలవదని హెచ్చరించారు. 2011 ఫిబ్రవరిలో ఫెడరల్ అటార్నీ మెలిండా హాగ్ లేఖ రాశారు. అంత భారీ పెంపకానికి లైసెన్సులిస్తే చర్య తప్పదని దాని భావం. పథకం అటకెక్కింది. రోగి కోసమన్న మాట ఖజానా కోసమన్న మాటగా మారినప్పుడు ఊరి నైతిక బలం ఎంత తగ్గిపోతుందో చెప్పిన ఘటన ఇది.

ఫెడరల్ ఏజెంట్లు దిగిన రోజు

ప్రమాదంలో కాళ్లు చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమైన రిచర్డ్ లీ 2007లో ఓక్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ స్థాపించాడు. పేరు యూనివర్సిటీయే గానీ, అది వైద్య గంజాయి పెంపకం, చట్టం, వ్యాపార నియమాలు నేర్పే శిక్షణ కేంద్రం. 2012 ఏప్రిల్ 2 ఉదయం ఫెడరల్ ఆదాయపన్ను, మాదకద్రవ్య నిరోధక విభాగాల ఏజెంట్లు దాని మీద దాడి చేసి మొక్కలు, కాగితాలు, కంప్యూటర్లు పట్టుకుపోయారు. అదే రోజు, అదే నగరంలో, ఒయికోస్ యూనివర్సిటీలో ఒక దుండగుడు కాల్పులు జరిపి ఏడుగురిని చంపాడు. తుపాకుల హింసతో నిత్యం రక్తమోడే ఊరు తమది, ఫెడరల్ బలగాలు దేని మీద పడ్డాయో చూడండని ఓక్లాండ్ ప్రజలు మండిపడ్డారు. ఆ కోపం న్యాయమైనదే.

జులైలో హార్బర్‌సైడ్ వంతు వచ్చింది. దుకాణం మీద నేరుగా కేసు పెట్టకుండా, అది అద్దెకున్న ఆస్తినే జప్తు చేస్తామని ఫెడరల్ ప్రభుత్వం దావా వేసింది. యజమాని భయపడి ఖాళీ చేయిస్తే పని అయిపోతుందన్నది ఎత్తుగడ. అక్టోబరులో ఓక్లాండ్ నగరమే స్వయంగా కోర్టుకెక్కి అమెరికా అటార్నీ జనరల్‌ను ప్రతివాదిగా చేర్చింది. లైసెన్సు ఇచ్చింది మేము, ఇన్నేళ్లు చూస్తూ ఊరుకుని ఇప్పుడు జప్తు అంటే కాలపరిమితి దాటింది, దుకాణం మూస్తే రోగులు వీధి బేరగాళ్ల దగ్గరికి పోతారు, భద్రత దెబ్బతినేది మా ఊళ్లో, అని నగర న్యాయవాది బార్బరా పార్కర్ కార్యాలయం వాదించింది.

ఆస్తి నగరానిది కాదు కాబట్టి ఈ వ్యాజ్యం వేసే అర్హత లేదని 2013 ఫిబ్రవరిలో కోర్టు కొట్టేసింది. అప్పీలు కోర్టూ 2015 ఆగస్టులో ఆ కొట్టివేతనే సమర్థించింది. కానీ ఈ మూడేళ్లూ దుకాణం తెరిచే ఉంది. ఈలోగా 2014 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్, రాష్ట్రాల వైద్య గంజాయి చట్టాల అమలును అడ్డుకోవడానికి న్యాయశాఖ నిధులు వాడరాదని నిబంధన పెట్టింది. 2016 మేలో ఫెడరల్ ప్రభుత్వం హార్బర్‌సైడ్ జప్తు కేసును వదిలేసుకుంది. కోర్టుల్లో ఓక్లాండ్ ఒక్క కేసూ గెలవలేదు. ఊళ్లో మాత్రం ఈసారి రోగి మందు ఆగలేదు.

పక్క ఊళ్లు వద్దన్నప్పుడు

అందరూ ఓక్లాండ్ దారిన నడవలేదు. శాన్‌డియేగో, శాన్‌బెర్నార్డినో కౌంటీలు రోగులకు గుర్తింపు కార్డులివ్వడానికే ఒప్పుకోక రాష్ట్రంపై వ్యాజ్యం నడిపి ఓడిపోయాయి. కమలా తోటలకు పేరున్న రివర్‌సైడ్ నగరం డిస్పెన్సరీలను పూర్తిగా నిషేధించింది. ఒక దుకాణం కోర్టుకెళ్లగా, 2013 మే 6న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా నగరం వైపే తీర్పిచ్చింది. భూమి వాడకాన్ని నిర్ణయించుకునే అధికారం ఊరిదే, ప్రొపొజిషన్ 215 దాన్ని లాక్కోలేదని తేల్చింది. ఔనన్న ఓక్లాండ్‌కు ఉన్న అధికారమే కాదన్న రివర్‌సైడ్‌కూ ఉందన్నమాట.

లాస్ ఏంజెలెస్ కథ మరీ తలనొప్పి. 2007లో కొత్త దుకాణాలను ఆపుతూ తాత్కాలిక ఆదేశమిచ్చి, దాని లొసుగులు పూడ్చలేక ఊరుకుంది. వందల కొద్దీ దుకాణాలు పుట్టుకొచ్చాయి. 2012 జులైలో అన్నిటినీ నిషేధించింది. జనం సంతకాలు సేకరించి ఓటింగుకు పట్టుబట్టడంతో అక్టోబరులో నిషేధం ఎత్తేసింది. చివరికి 2013 మేలో ఓటర్లు మెజర్ డి తెచ్చి, 2007కు ముందున్న సుమారు 135 దుకాణాలకే రక్షణ ఇచ్చారు. ఓక్లాండ్ తొమ్మిదేళ్ల ముందు చేసిన పని అది.

2015 చట్టంలో దొర్లిన ఒక పొరపాటు కౌన్సిళ్లు ఎంత కంగారుపడతాయో చూపింది. 2016 మార్చి 1లోగా సొంత నిబంధనలు చేసుకోని నగరాలు గంజాయి పెంపకంపై అధికారం కోల్పోతాయన్న వాక్యం పొరపాటున అందులో ఉండిపోయింది. తీసేయడం మరిచామని చట్టం తెచ్చిన శాసనసభ్యుడే ఒప్పుకుని సవరణ పెట్టారు. ఫిబ్రవరి మొదట్లోనే ఆ తప్పు సరిదిద్దారు. ఈలోపే అనేక నగరాలు చర్చా విచారణా లేకుండా ఆదరాబాదరాగా నిషేధాలు చేసేశాయి. సవరణ వచ్చాక వాటిని తిరగదోడే ఓపిక చాలాచోట్ల ఎవరికీ లేకపోయింది.

2016 నవంబరులో ప్రొపొజిషన్ 64తో పెద్దలందరికీ గంజాయి చట్టబద్ధమైంది, 2018 జనవరి 1న అమ్మకాలు మొదలయ్యాయి. అప్పుడూ దుకాణాన్ని నిషేధించే అధికారం ఊళ్లకే వదిలారు. రాష్ట్రంలో సగానికి పైగా నగరాలు, కౌంటీలు నేటికీ దుకాణాన్ని రానివ్వడం లేదు. నిషేధించిన ఊళ్లో రోగులు లేకుండా పోతారా? కారు నడపలేని ముసలమ్మ, పక్షవాతం మనిషి పక్క ఊరికి ప్రయాణం కట్టాలి, లేదా దొంగ సరుకు కొనాలి. ఈ బాధ గమనించే 2022లో రాష్ట్రం మరో చట్టం చేసింది. దుకాణం వద్దంటే వద్దనండి, రోగి ఇంటికి వైద్య గంజాయి చేరవేయడాన్ని మాత్రం ఏ ఊరూ నిషేధించరాదని. 2024 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఊరి అధికారానికీ రోగి హక్కుకూ మధ్య గీత గీయడానికి ఇరవై ఏడేళ్లు పట్టింది. ఆ గీత సరైన చోటే పడిందని నా అభిప్రాయం.

అనుమతిచ్చే చోట ఇంకో చీడ కూడా పొంచి ఉంటుంది. ఎడారి పట్టణం అడెలాంటో ఆదాయం కోసం 2015లో గంజాయి పెంపకానికి తలుపులు తెరిచింది. అక్కడి కౌన్సిల్ సభ్యుడొకరు గంజాయి వ్యాపారానికి సాయం చేస్తానని లంచం తీసుకున్న కేసులో దోషిగా తేలాడు. అనుమతిచ్చే అధికారం ఒక్కరి చేతిలో ఉంటే బేరం మొదలవుతుంది. బహిరంగ విచారణ, రాతపూర్వక నిబంధనలు, అందరికీ ఒకే కొలమానం ఉండాలని ఓక్లాండ్ మొదట్లోనే పట్టుబట్టడం అందుకే మెచ్చదగ్గది.

జైలు ఒకరికి, లైసెన్సు ఇంకొకరికి

ఓక్లాండ్ సిగ్గుపడాల్సిన లెక్క ఒకటుంది. 2015లో ఈ నగరంలో గంజాయి కేసుల్లో అరెస్టయినవారిలో 77 శాతం నల్లజాతివారు, 4 శాతం తెల్లవారు. జనాభాలో ఇద్దరి వాటా ఇంచుమించు సమానం, దాదాపు 30 శాతం చొప్పున. నగరమే జరిపించిన పరిశీలనలో బయటపడ్డ అంకెలివి. ఒకవైపు లైసెన్సు ఉన్న దుకాణాలు లక్షల డాలర్ల వ్యాపారం చేస్తుంటే, మరోవైపు తూర్పు ఓక్లాండ్, పడమటి ఓక్లాండ్ పేటల కుర్రాళ్లు అదే సరుకుతో దొరికి నేరచరిత్ర మూటగట్టుకున్నారు. ఉద్యోగం రాదు, ఇల్లు అద్దెకు దొరకదు, లైసెన్సుకు దరఖాస్తు చేయడానికి పెట్టుబడీ ఉండదు.

2017లో కౌన్సిల్ దేశంలోనే తొలిసారిగా సమన్యాయ లైసెన్సు పథకం తెచ్చింది. తొలి దశలో సగం లైసెన్సులు తక్కువ ఆదాయం ఉన్న ఓక్లాండ్ వాసులకే. 1996 నవంబరు 5 తర్వాత ఈ ఊళ్లో గంజాయి కేసులో శిక్ష పడి ఉండాలి, లేదా పోలీసుల తాకిడి ఎక్కువగా ఉన్న పేటల్లో గత ఇరవై ఏళ్లలో పదేళ్లు నివసించి ఉండాలి. ఇలాంటివారికి మూడేళ్లు ఉచితంగా వెయ్యి చదరపు అడుగుల స్థలమిచ్చే ఇతర వ్యాపారులకు ప్రాధాన్యం. శిక్ష అనుభవించినదే అర్హత కావడం ప్రపంచంలో ఎన్ని లైసెన్సు దరఖాస్తుల్లో చూస్తాం!

ఆచరణ మాత్రం అంత నున్నగా సాగలేదు. పేరుకు యజమాని ఒకరు, పెత్తనం పెట్టుబడిదారుదన్న ఫిర్యాదులు వచ్చాయి. బ్యాంకు అప్పు పుట్టదు. 1982 నాటి ఫెడరల్ పన్ను సెక్షన్ వల్ల అద్దె, జీతాల్లాంటి మామూలు ఖర్చులను కూడా ఆదాయంలోంచి తీసివేసుకోనివ్వరు. హార్బర్‌సైడ్ అంతటి సంస్థే ఈ వివాదంలో 2018లో పన్ను కోర్టులో, 2021లో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. 2020 వేసవి అల్లర్లలోనూ, ఆ తర్వాతా దొంగలు ఓక్లాండ్ గంజాయి దుకాణాల మీద పడి దోచుకున్నారు. సమన్యాయ పథకంలో నిలదొక్కుకుంటున్న చిన్నవాళ్లకు అది కోలుకోలేని దెబ్బ. పథకం మంచిదే. ఇరవై ఏళ్లు ముందు రావాల్సింది.

తెలుగువారికి ఇందులో ఏముంది?

ఓక్లాండ్‌కు గంట లోపు దూరంలో ఫ్రీమాంట్, డబ్లిన్, ప్లెజంటన్, శాన్ రామోన్. మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడ్డ ఊళ్లివి. దుకాణం ఉండాలా వద్దా అని తేల్చే అధికారం ఆ ఊళ్ల కౌన్సిళ్లకూ ఉంది. ఇల్లు, బడి, పిల్లల భద్రత మీద మనవాళ్లకున్న శ్రద్ధ గొప్పది. ఆ శ్రద్ధతోనే కౌన్సిల్ సమావేశానికి వెళ్లి మాట్లాడాలి. మాట్లాడే ముందు వివరాలు తెలుసుకోవాలి.

వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవారు ఇంకో సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టంలో నేరమే. వాడకమే కాదు, ఆ వ్యాపారంలో ఉద్యోగం చేసినా పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు రావచ్చని అమెరికా పౌరసత్వ, వలస సేవల విభాగం 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా ప్రకటించింది. ఊరు ఔనన్నా దేశం కాదన్న చోట, పౌరుడు కానివాడికి రక్షణ లేదు. న్యాయవాదిని అడగకుండా ఆ దుకాణం గడప తొక్కవద్దు.

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి సాగుకు అనుమతిచ్చే అధికారం ప్రభుత్వాలకే ఉంది, మున్సిపాలిటీకి గానీ పంచాయతీకి గానీ లేదు. అందుకే ఈ తగవు మన ఊళ్లలో లేదు. అయితే పట్టుబడ్డవాడెవడు, లాభపడ్డవాడెవడు అని ఓక్లాండ్ ఆలస్యంగానైనా తనను తాను అడిగిన ప్రశ్న విశాఖ మన్యానికీ వర్తిస్తుంది. మూట మోసిన గిరిజనుడి పేరు కేసు కాగితాల్లోకి ఎక్కినంత సులువుగా, మూట కొన్న షావుకారు పేరు ఎక్కుతోందా?

ఓక్లాండ్ చేసినదంతా ఒప్పని నేను చెప్పను. ఖజానా ఆశతో ఒకసారి దారి తప్పింది, తన పేద పేటల పట్ల చాలాకాలం అన్యాయంగా ప్రవర్తించింది. కానీ పై ప్రభుత్వాలు రెండూ చేతులు దులుపుకున్నప్పుడు, వ్యాధితో బాధపడే మనిషి తన ఊరివాడే కాబట్టి బాధ్యత తనదేనంది. దుకాణాన్ని చీకట్లో వదలకుండా దీపం కింద పెట్టింది, లెక్క అడిగింది, పన్ను తీసుకుంది, ఆపద వస్తే పక్కన నిలబడింది. నిషేధం రాసేయడానికి ఒక్క సాయంత్రం చాలు. నిబంధన రాసి, దాన్ని నడిపి, తప్పులు దిద్దుకోవడానికి ఏళ్లు పడుతుంది. మీ ఊరి కౌన్సిల్ ముందుకు ఈ ప్రశ్న వస్తే, వద్దనే ముందు మీ వీధిలోని రోగిని ఒకసారి అడగండి. సరేననే ముందు లైసెన్సు ఎవరికి దక్కుతోందో అడగండి.